బాడీకి లక్షలు, లెన్స్‌కు చిల్లరా?

లగ్గాల సీజన్ వచ్చిందంటే మా ఫొటోగ్రాఫర్ల నడుమ ఒక్కటే పంచాది. కెనానా, నికానా, సోనీయా? నేను మండల కేంద్రంల ఉండి లగ్గాలకు ఫొటోలు తీసి బతికేటోన్ని. కొత్తగ ఈ పనిలకు దిగే తమ్ముళ్లు గూడ "అన్నా, ఏ కెమెరా కొనాలె?" అనే అడుగుతరు. "ఏ లెన్స్ కొనాలె?" అని అడిగేటోళ్లు తక్కువ. అప్పు తెచ్చి, నెలనెలా కిస్తీలు పెట్టుకొని ఫుల్ ఫ్రేమ్ బాడీ కొంటరు. ఇగ పైసలు ఒడిసినంక దానికి ఏదో అగ్గువ లెన్స్ తగిలిస్తరు. ఈ లెక్క ఉల్టా చెయ్యాలె అంటున్న నేను. ముందు లెన్స్, ఎనుక బాడీ.

ఎందుకో వెలుతురు లెక్కతోటే చూద్దాం. కెమెరాతోటి వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 55 కాడ పెడితే, దాని కన్ను ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటది. తక్కువ ధరకు దొరికే 50 ఎంఎం లెన్స్ ఎఫ్ 1.8 దాంక తెరుచుకుంటది. ఈ నంబర్ ఎంత చిన్నగుంటే కన్ను అంత పెద్దగ తెరిచినట్టు. 5.6ను 1.8తోటి భాగించి, వచ్చినదాన్ని దాంతోనే గుణిస్తే సుమారు 10 వస్తది. అంటే 10 ఇంతల వెలుతురు. మరి చిన్న సెన్సర్ బాడీ తీసేసి ఫుల్ ఫ్రేమ్ కొంటే? ఆ సెన్సర్ 36 ఎంఎం పొడుగు, 24 ఎంఎం వెడల్పు. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్‌తోటి పోలిస్తే వైశాల్యం రెండున్నర ఇంతలకు అటిటు, అంతే. అర్ధరాత్రి ముహూర్తం, ఇంటి ముంగట పందిరి, మసక లైట్లు. గసొంటి కాడ జీలకర్ర బెల్లం పెట్టే గడియను పట్టాలంటే ఏది అక్కరకొస్తదో మీరే చెప్పుండ్రి.

అట్లని ఎఫ్ 1.8 అన్నిటికీ పెట్టొద్దు. చుట్టాలందరు నిలబడ్డ గ్రూప్ ఫొటోల ముందు వరుస మంచిగొచ్చి ఎనుక వరుస మసకైతది. అక్కడ ఎఫ్ 5.6 పెట్టి, ఫ్లాష్ వాడాలె. ఇంకోటి, చిన్న సెన్సర్ మీద 50 ఎంఎం లెన్స్ 75 నుంచి 80 ఎంఎం లెక్క చూస్తది. ఇరుకు ఇంట్ల మొత్తం సీన్ పట్టది. అందుకే కిట్ లెన్స్‌ను పారెయ్యకుండ్రి, 18 కాడ అది పనికొస్తది.

మెగాపిక్సెల్ ముచ్చట గూడ చాలామందిని ఆగం చేస్తది. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే 6000 బై 4000 చుక్కలు. ఆల్బమ్ల 12 బై 18 అంగుళాల పేజీకి, అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600 బై 5400 సాలు. ఇంకా మిగులుతది. లెన్స్ మొద్దుగుంటే మాత్రం 45 మెగాపిక్సెల్ పెట్టినా ఆ మసకనే పెద్దగ కనవడ్తది.

మరి కంపెనీల తేడా ఎక్కడుంది? లెన్స్ బిగించే మౌంట్ కాడ ఉంది. నికాన్ ఎఫ్ మౌంట్ 1959ల వచ్చింది, కెనాన్ ఈఎఫ్ 1987ల వచ్చింది. 2018ల ఈ రెండు కంపెనీలు మిర్రర్‌లెస్ కోసం జెడ్, ఆర్ఎఫ్ అని కొత్త మౌంట్లు తెచ్చినయి. సోనీ ఈ మౌంట్ 2010 నుంచే ఉంది, అందుకే దానికి సిగ్మా, టామ్రాన్ లెన్సులు మస్తుగ దొరుకుతయి. కెనాన్ ఆర్ఎఫ్‌కు ఈ రెండు కంపెనీల లెన్సులు 2024ల మొదలైనయి, అవి గూడ చిన్న సెన్సర్ బాడీల కోసం చేసినయే. పాత కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్ పెడితే కొత్త ఆర్ఎఫ్ బాడీ మీద ఆటోఫోకస్‌తోటి నడుస్తయి. ఆర్ఎఫ్ లెన్స్ మాత్రం పాత బాడీకి పట్టది. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద, లోపట మోటర్ లేని పాత ఏఎఫ్-డీ లెన్సులకు ఆటోఫోకస్ ఉండది. కాబట్టి బాడీ కొన్ననాడే రేపు ఏ లెన్సులు కొనాల్నో గూడ తేలిపోతది.

బాడీ దండగ అంటలేను. పెండ్లికూతురి కన్ను పట్టుకొని వదలని ఆటోఫోకస్ బాడీ ఇచ్చేదే. రెండు కార్డు స్లాట్లున్న బాడీ ఉంటే ఒక కార్డు ఖరాబైనా లగ్గం ఫొటోలు బతుకుతయి. చేతిల పని పెరిగినంక అసొంటిది కొనుండ్రి.

అప్పటిదాంక పాత లెన్స్ కొనేముందు జర చూసుకోవాలె. టార్చ్ లైట్ ఒక దిక్కు నుంచి కొట్టి ఇంకో దిక్కు నుంచి చూడుండ్రి. సాలెగూడు లెక్క సన్న పోగులు కనవడితే అది ఫంగస్, వదిలెయ్యాలె. గోడకు న్యూస్ పేపర్ అతికించి, కెమెరాను నిటారుగ నిలబెట్టి, లెన్స్ కన్ను పూర్తిగ తెరిచి ఫొటో తియ్యుండ్రి. నడుమ అక్షరాలు, నాలుగు మూలల అక్షరాలు పెద్దగ చేసి చూస్తే లెన్స్ సంగతి తెలుస్తది. ఖరీదు లెన్స్ అయితే ఒక్క లగ్గానికి కిరాయికి తెచ్చి చూసి, అప్పుడు కొనుండ్రి.

ఆఖరు మాట. మీ పక్క ఊర్ల ఫొటోగ్రాఫర్లు ఏ సిస్టమ్ వాడుతున్నరో కనుక్కొని, వీలైతే అదే తీసుకోండ్రి. లగ్గం నాడు లెన్స్ పడి పలిగితే అది తయారు చేసిన కంపెనీ రాదు, పక్కూరి అన్ననే చేబదులు ఇస్తడు. మౌంట్ ఒక్కటైతేనే ఆ లెన్స్ మీ కెమెరాకు పడ్తది.