మందుబిళ్లకి ఎక్స్‌రే తీస్తే ఏం కనపడతాది?

మా అక్క కూతురు కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాద్‌లో మందుల పరిశోధన చేసే ఒక ల్యాబులో చేరింది. కోట బస్టాండు కాడ టీ తాగతా ఉంటే ఒక పెద్దాయన అడిగినాడు, "ఏందబ్బయా, మీ పాప ఎక్స్‌రే తీసే పనికి పోయిందంట, ఏ ఆస్పత్రిలో?" అని. "ఆస్పత్రి కాదు పెదనాయనా, మందుకే ఎక్స్‌రే తీస్తాది" అన్నా. నమ్మలా, నవ్వి పోయినాడు. ఆయన తప్పేం లేదు. ఆ పిల్ల చెప్పిందాకా నాకూ తెలీదు. తెలిసినాక, ఇది మన ప్రాణానికీ జేబుకీ సంబంధించిన సంగతని అర్థమైంది.

మన ఇసకతోనే మొదలుపెడదాం. కోట, చిల్లకూరు మండలాల్లో తవ్వే సిలికా ఇసక గాజు చేసేదానికి పోతాది. ఇసకలో ఉండేది సిలికానే, గాజులో ఎక్కువగా ఉండేదీ సిలికానే. అయితే ఇసక రేణువులో పరమాణువులు నారు వరసగా నాటినట్టు ఉంటాయి. గాజులో తిరణాల జనం మాదిరి ఎట్టబడితే అట్టా ఉంటాయి. వరసగా ఉండేదాన్ని స్ఫటికం అంటారు.

మందులు కూడా ఇంతే. ఒకే మందు రెండు మూడు రకాల స్ఫటికాలుగా గట్టిపడొచ్చు. ఫార్ములా ఒకటే, చూసేదానికి అన్నీ తెల్లపొడే. కానీ ఒక రకం కడుపులో తొందరగా కరుగుతాది, ఇంకోటి సరిగా కరగదు. కరక్కపోతే రక్తంలోకి ఎట్టా పోతాది?

ఏది ఏ రకమో తేల్చేదే మా పాప పని. పొడిని మెత్తగా నూరి, చిన్న పళ్లెంలో పరిచి, గాజుపలకతో చదును చేసి మిషన్లో పెడతాది. ఎక్స్‌రేలు స్ఫటికంలోని వరసలకి తగిలి కొన్ని కోణాల్లోనే గట్టిగా వెనక్కి వస్తాయి. కంప్యూటర్లో కొండ శిఖరాల మాదిరి గీతలు పడతాయి. ఏ కోణంలో ఏ శిఖరం ఉందో అదే ఆ స్ఫటికానికి వేలిముద్ర. ఈ లెక్క కనిపెట్టిన బ్రాగ్ తండ్రీకొడుకులకి 1915లో నోబెల్ వచ్చింది. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గౌతమ్ దేశిరాజు, అశ్విని నంగియా లాంటి వాళ్లు ఈ స్ఫటికాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు.

వేలిముద్ర మారితే ఏమవతాదో అబాట్ కంపెనీకి 1998లో తెలిసొచ్చింది. రిటోనవిర్ అనే హెచ్‌ఐవీ మందు రెండేళ్లుగా బాగానే అమ్ముడుపోతా ఉంది. ఉన్నట్టుండి ఫ్యాక్టరీలో కొత్తరకం స్ఫటికం పుట్టింది. అది సరిగా కరగదు. చివరికి ఆ క్యాప్సూల్స్‌ని మార్కెట్ నుంచి తీసేయాల్సి వచ్చింది. మూర్ఛకిచ్చే కార్బమజెపైన్ బిళ్లలైతే చెమ్మ తగిలితే గట్టిపడి, మూడోవంతు దాకా పనితనం పోగొట్టుకుంటాయి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో మందుబిళ్లలు పొడిగా ఉండే చోట దాచుకోమనేది ఇందుకే.

ఇంక జేబు సంగతి. నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ అనే రక్తక్యాన్సర్ మందులో 'బీటా' రకం స్ఫటికానికి మన దేశంలో పేటెంట్ అడిగింది. ఆ రకాన్ని గుర్తుపట్టే ఆనవాళ్లలో ఈ ఎక్స్‌రే శిఖరాలూ ఉన్నాయి. గ్లివెక్‌కి నెలకి లక్షా 20 వేల దాకా అయ్యేది. హైదరాబాద్ నాట్కోతో సహా మన కంపెనీలు చేసే అదే మందుకి 8-10 వేలే. పేటెంట్ వచ్చుంటే ఆ చౌకమందు ఆగిపోయేది.

2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కుదరదని చెప్పింది. పేటెంట్ చట్టం 3(డి) సెక్షన్ ప్రకారం, తెలిసిన మందుకే కొత్త రూపం ఇస్తే చాలదు, జబ్బు నయం చేయడంలో అది మెరుగని చూపించాల. పొడి బాగా జారతాది, చెమ్మ తక్కువ పీలుస్తాది అంటే సరిపోదని తేల్చింది.

చూడండి, పనికిరాని మందుని పట్టించేది ఈ గీతలే, పాత మందుకి కొత్త హక్కు అడిగేదానికి పనికొచ్చేదీ ఈ గీతలే. చదవగలిగినోళ్లు ఎవరి పక్కన ఉన్నారనేదే తేడా.

పేటెంట్ ఇవ్వకముందే దాని మీద ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, చట్టంలోనే ఉంది. గ్లివెక్ మీద క్యాన్సర్ రోగుల సంఘం పోరాడింది ఆ హక్కుతోనే. 2024లో నిబంధనలు మార్చి దానికి ఫీజు పెట్టారు, అభ్యంతరాన్ని విచారించాలా వద్దా అని ముందే తేల్చే మెలిక కూడా పెట్టారు. దారి ఇరుకవతా ఉంది. దీన్ని వెనక్కి తీసుకోవాల, 3(డి)ని ముట్టుకోకూడదు. జనం పక్కన నిలబడి ఆ గీతలు చదివే పిల్లకాయలు కూడా మనకి కావాల. డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ చదివేవాళ్లకి ఈ మిషన్ ఫొటోలో కాదు, కళ్లారా చూపించాల.

ఈసారి టీకొట్టు కాడ ఆ పెదనాయన కనపడితే ఇదంతా చెప్తా. ఇంట్లో మందుబిళ్లలు యాడ పెడతన్నాడో కూడా అడగతా.