కరవు నాటి త్రాసు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ప్రకటన గ్రంథం ఆరవ అధ్యాయంలోని నల్ల గుర్రం, త్రాసు దేనికి ప్రతీకలో వివరించగలుగుతారు;
• ఆ ప్రతీకను నేటి కూలికి, ధరలకు అన్వయించగలుగుతారు.

1. ప్రతీక అంటే ఏమిటి?

పావురాన్ని చూడగానే శాంతి గుర్తుకు వస్తుంది. ఇలా ఒక వస్తువు ఒక భావానికి గుర్తుగా నిలిస్తే దానిని ప్రతీక అంటాం. బైబిలులో చివరిదైన ప్రకటన గ్రంథం నిండా ప్రతీకలే. యోహాను పత్మాసు ద్వీపంలో చూసిన దర్శనాలు ఇందులో ఉన్నాయి. రోమా పాలన కింద, నేటి టర్కీ ప్రాంతంలో ఉన్న ఏడు సంఘాలకు దీనిని రాశారు. కాబట్టి ఆనాటి శ్రోతలకు ఇది ఎలా అర్థమైందో ముందు తెలుసుకోవాలి.

2. దర్శనంలో ఏముంది?

నాలుగు గుర్రాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. మూడవది నల్లనిది. దాని మీద కూర్చున్నవాని చేతిలో త్రాసు ఉంటుంది. అప్పుడు ఒక స్వరం ధరలు చెబుతుంది: ఒక దేనారానికి ఒక కొలత గోధుమలు, లేదా మూడు కొలతల యవలు. నూనెకూ ద్రాక్షారసానికీ హాని చేయవద్దని కూడా అంటుంది.

దేనారం ఆనాటి దినకూలి. మత్తయి సువార్తలోని ద్రాక్షతోట పనివారికి దొరికిన కూలి కూడా అదే. ఇక్కడి కొలత సుమారు ఒక లీటరు. అది ఒక మనిషికి ఒక రోజు తిండి. అంటే రోజంతా కష్టపడితే తన పొట్ట మాత్రమే నిండుతుంది. భార్యాబిడ్డలకు కూడా పెట్టాలంటే చౌకైన యవలు కొనాలి. మరి దేనికీ పైసా మిగలదు. గింజలను తూచి తూచి తినే రోజులకు త్రాసు గుర్తు. నూనె, ద్రాక్షారసం మాట ఏమిటి? కరవులోనూ ధనికుల భోగాలకు లోటు ఉండదని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు. కరవుకు కూడా దేవుడు హద్దు పెట్టాడని మరికొందరు అంటారు.

3. మన నేల మీద

1876–78లో మద్రాసు ప్రెసిడెన్సీని ఘోరమైన కరవు పట్టింది. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ సూచనపై, కరవు పనుల్లో మగవారి దినకూలిని ఒక పౌను ధాన్యం ఖరీదుకు ఒక అణా కలిపినంతకు తగ్గించారు. పౌను అరకిలో కూడా ఉండదు. ఈ కూలి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. తరువాత దానిని పెంచవలసి వచ్చింది.

ఆ కరవులోనే ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు నిలిపివేశాడు.

4. నేటి అర్థం

కరవు వచ్చినప్పుడల్లా కొందరు ఈ గ్రంథంలో లోకాంతపు తేదీ వెతుకుతారు. త్రాసు మాత్రం మనచేత ఒక లెక్క వేయిస్తుంది: ఒక రోజు కూలికి ఎందరి కడుపు నిండుతుంది? 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం అర్హులైన కుటుంబాలకు తిండిగింజలను హక్కుగా ఇచ్చింది. పని కోసం ఢిల్లీలోని జనక్‌పురి వంటి చోటికి వెళ్లిన తెలుగు కుటుంబానికి ఆ చట్టం కింద కార్డు ఉంటే, 2021 నుండి అక్కడి రేషన్ దుకాణంలోనే గింజలు తీసుకునే వీలుంది. ఈ సంగతి తెలియనివారికి చెప్పడం కూడా పాఠాన్ని ఆచరణలో పెట్టడమే.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. దేనారం విలువ తెలియకపోతే ఈ దర్శనంలో ఏ అర్థం జారిపోతుంది?
2. మీ ప్రాంతంలో ఒక రోజు కూలికి ఎన్ని కిలోల బియ్యం వస్తాయి? అద్దె, మందులు, బడి ఖర్చు పోగా ఎంత మిగులుతుంది? లెక్క వేసి ఐదు వాక్యాలు రాయండి.