వీణాతంత్రుల సంరక్షణము

వీణ తెలుగువారికిని తమిళులకును ఉమ్మడి సొత్తు. తంజావూరును 1600 మొదలు 1634 వరకు పాలించిన రఘునాథ నాయకుడు తెలుగు కవి, సంగీతవేత్త. 24 మెట్లను స్థిరముగా అమర్చిన నేటి వీణ ఆయన కాలముననే రూపొందినదని చెప్పుదురు. అటు బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలోను, ఇటు తంజావూరులోను పనసకొయ్యతో వీణలను నేటికిని చేయుచున్నారు. ఇంత ఘనచరిత్ర గల వాద్యమును పిల్లలకు కొనియిచ్చిన తల్లిదండ్రులలో పలువురు దాని తంత్రుల సంగతి పట్టించుకొనరు. తుప్పుపట్టిన తంత్రి వ్రేలిని కోయును, శ్రుతి నిలువదు, పిల్లలకు సాధకముపై విసుగు పుట్టును. దానిని సోమరితనమని నిందించుటకు ముందు తంత్రిని ఒకసారి పరికించుట న్యాయము.

వీణకు తంత్రులు ఏడు. మెట్లమీదుగా సాగునవి నాలుగు: సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము. ప్రక్కనుండునవి మూడు తాళపు తంత్రులు. సారణి, పంచమములు ఉక్కుతీగలు. మంద్ర, అనుమంద్రములకు ఇత్తడి లేక కంచు తీగలను కట్టుట వాడుక. రాగితీగ చుట్టిన తంత్రులను వాడువారును కలరు. ఉక్కులో ప్రధానమైనది ఇనుము. గాలిలోని ప్రాణవాయువు, తేమ రెండును కూడినచో ఇనుము తుప్పు పట్టును. చెమటలోని ఉప్పు ఆ పనిని త్వరితపరచును. ఇత్తడి, కంచు తుప్పు పట్టకపోయినను చిలుమెక్కును.

తంత్రి పలుకు స్వరము దాని నిడివి, బిగువు, బరువులపై ఆధారపడియుండును. బరువు తంత్రి పొడవునను సమముగా నుండవలెను. ఒకచోట తుప్పు తిని సన్నబడి, మరియొకచోట మురికి పేరుకొన్నచో శ్రుతి చెడును. దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. తంత్రిని ఊరక మీటి, తరువాత పండ్రెండవ మెట్టుపై నొక్కి మీటవలెను. రెండవది మొదటిదానికి సరిగా పై షడ్జమువలె, అనగా ఒక స్థాయి హెచ్చుగా పలుకవలెను. ఒక్క తంత్రియందే తేడా కనబడినచో దోషము చాలవరకు ఆ తంత్రిదే. నాలుగింటను కనబడినచో మైనములో నిలిపిన మెట్టు కదలియుండును. అది పనివానికి చూపదగినది.

ఇక నూనె సంగతి. గమకము పలికించుటకు వైణికుడు తంత్రిని మెట్టుపై ప్రక్కకు లాగును. ఆ రాపిడికి వ్రేలును, మెట్టును, తంత్రియు అరుగును. అందుచేతనే వైణికులు చిన్న గిన్నెలో నూనెతో తడిపిన దూదిని దగ్గర నుంచుకొని, ఎడమచేతి చూపుడు, నడిమి వ్రేళ్ల కొనలకు అద్దుకొందురు. పలుచని నూనెపొర రాపిడిని తగ్గించును. ఉక్కునకు తేమ తగులకుండ అడ్డుకొనును. దీనికి కొబ్బరినూనె మేలు. అది సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి దిగువన పేరుకొనును గనుక చలికాలపు ఉదయములందు గడ్డకట్టిన యెడల వ్రేళ్లమధ్య కరగించి వాడవలెను. అవిసెనూనె గాలి తగిలి గట్టిపడును. నువ్వులనూనె కొంతకాలమునకు జిగురెక్కును. ఆముదము మిక్కిలి చిక్కన. ఇవి తగవు.

నూనె మితిమీరిన హాని కలుగును. అది దుమ్మును పట్టియుంచును. మెట్ల క్రింది మైనమును మెత్తబరచును. బిరడాలకు తగిలిన అవి జారి శ్రుతి నిలువదు. జారు బిరడాకు కొంచెము సుద్దపొడి రాయుట మంచిది. గుర్రముపైని రేకునకు నూనె సోకనీయరాదు. ఆ రేకు వంపుపై తంత్రి ఒరయుటవలననే వీణకు నిండైన నాదము వచ్చుచున్నది. ఈ విశేషమును గూర్చి చంద్రశేఖర వేంకటరామన్ 1921లో ఒక వ్యాసము ప్రకటించెను. అచ్చట మురికి చేరినచో నాదము మందగించును.

నిత్యము ఆచరింపదగిన క్రమము సులభమైనది. వాయించుటకు ముందు చేతులు కడిగి పూర్తిగా తుడుచుకొనవలెను. సాధకము ముగిసిన పిమ్మట మెత్తని పొడి నూలుగుడ్డతో తంత్రుల పైభాగమును, అడుగుభాగమును తుడువవలెను. వారమున కొకమారు ఉక్కుతంత్రులకు, మెట్లమీది భాగమున మాత్రమే, నూనెదూదిని తాకించి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి తీయవలెను. వీణను ఎండలోను, పొయ్యికి చేరువను ఉంచినచో మైనము కరగును. వానకాలమున తడిగోడ కానించిన తంత్రులు చెడును.

గరుకుపట్టిన తంత్రిని ఉప్పుకాగితముతో రుద్దుట వ్యర్థము. అది మరింత సన్నబడి తెగును. క్రొత్తది కట్టుటయే మేలు. పాతదాని మందమే క్రొత్తదానికి నుండవలెను. ఒక్కొక్క తంత్రినే మార్చవలెను. గుర్రమును తంత్రుల ఒత్తిడియే నిలిపియుంచును గనుక అన్నిటిని ఒకేమారు విప్పినచో అది స్థానము తప్పును. బిగించునపుడు తెగిన తీగ కంటికి తగులవచ్చును. కావున ముఖమును దూరముగా నుంచవలెను. ఈ పని పెద్దలే చేయవలెను.

గిటారు నేర్చు పిల్లలకును ఈ సూత్రములే చాలవరకు వర్తించును. ఉక్కుతీగల గిటారును తుడిచి, లేశముగా నూనె తాకింపవచ్చును. నైలాను తీగలు తుప్పుపట్టవు. వానికి నూనె అక్కరలేదు, పొడిగుడ్డ చాలును. బిగించునపుడు తీగ గాడిలో పట్టుకొన్నచో ఆ గాడిలో పెన్సిలు ములికిని రుద్దినయెడల నునుపుగా జారును.

సాధకానంతరము తంత్రులను తుడుచుటకు పట్టు కాలము రెండు నిమిషములు. ఆ పనిని పిల్లలచేతనే చేయింపుడు. వాద్యమును శుభ్రముగా నుంచుట అలవడిన బిడ్డ మరునాడు దాని చెంతకు సంతోషముతో వచ్చును.