బెంగకి ఒక కథ: పసిపిల్లలతో భావాల గురించి మాట్లాడేదెలా?

జూన్‌లో పిల్లల్ని కొత్తగా చేర్చే రోజుల్లో ఏ అంగన్‌వాడీ గుమ్మం దగ్గర నిలబడినా కనిపించే దృశ్యమే ఇది. మూడేళ్ళ పిల్ల తల్లి కొంగు పట్టుకుని వదలదు. తల్లి ఆ చెయ్యి విడిపించుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. లోపలి నుంచి వినిపించే మాటలూ మనకు తెలిసినవే: "ఏడవకూడదు, మంచి పిల్లవి కదూ", "ఏడిస్తే అమ్మ రాదు". కాసేపటికి పిల్ల ఊరుకుంటుంది. ఊరుకుందంటే సర్దుకుందని కాదు. ఆ పిల్ల లోపల ఉన్నదానికి బెంగ అని పేరుందని చెప్పే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు.

ఆ తీరిక చేసుకోవాలని ఇప్పుడు విధాన పత్రాలే అంటున్నాయి. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల విషయంలో అక్షరాలు, అంకెలతో పాటు భావోద్వేగ వికాసాన్నీ లక్ష్యాల్లో చేర్చింది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన 'జాదుయీ పిటారా' పెట్టెలో ఆటవస్తువులు, తోలుబొమ్మలు, కథల కార్డులు ఉన్నాయి. అదే ఏడాది మేలో 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం మొదలైంది. బాగానే ఉంది. కానీ ఒక మంగళవారం పొద్దున్న పాతికమంది పిల్లల ముందు కూర్చున్న టీచర్ ఆ పెట్టె తెరిచి ఏం చెయ్యాలి?

దీనికి పాశ్చాత్య దేశాల గ్రంథాలయాలు ఒక పద్ధతి అలవాటు చేశాయి. కథని వినడంతో సరిపెట్టకుండా ముట్టుకుంటూ, వాసన చూస్తూ, చప్పుళ్ళు చేస్తూ పిల్లలు అందులో పాల్గొనే కథావేళ అది. అమెరికాలో దీన్ని ముఖ్యంగా ఆటిజం ఉన్న పిల్లల కోసం నిర్వహిస్తూ వచ్చారు. అది మిగతా పిల్లలకూ పనికొచ్చింది. మనకిది మరీ కొత్త కాదు. గోరుముద్దలు తినిపిస్తూ, వీపు నిమురుతూ చెప్పిన కథలన్నీ ఇలాంటివే. వకీలు వృత్తి వదిలి భావనగర్‌లో బాలమందిరం నడిపిన గిజుభాయి బధేకా, బడిలో ముందు కథ రావాలని 1930లలోనే వాదించారు.

అయితే భావాల కథావేళ అనగానే మన బళ్ళలో గోడకు ఒక చార్టు వేలాడుతుంది. నవ్వే మొహం, ఏడ్చే మొహం, కోపం మొహం, భయం మొహం. టీచర్ చూపిస్తుంది, పిల్లలు అరుస్తారు, అయిపోతుంది. నాకు ఈ చార్టు మీద పెద్ద గౌరవం లేదు. తెలుగు పిల్లల లోకంలో ఉండేవి ఈ నాలుగేనా? అలక ఉంది: అది కోపమే కానీ బతిమాలించుకోవాలని చూసే కోపం. ఉక్రోషం ఉంది: ఏమీ చేయలేకపోయినందుకు వచ్చే ఏడుపూ కోపమూ కలిసిన మంట. జడుపు ఉంది, దిగులు ఉంది. బెంగని 'విచారం' మొహంతో చూపిస్తే అందులోంచి అమ్మ జారిపోతుంది. పిల్లకి కావలసింది తన ఇంట్లో వాడే మాట. అందుకే ప్రణాళిక మాటతో మొదలవ్వాలి. వారానికి ఒక మాట చాలు.

బెంగనే తీసుకుందాం. మేతకి వెళ్ళిన ఆవు, దొడ్లో మిగిలిన లేగదూడ: కథ ఇంతే. పది పన్నెండు మంది కంటే ఎక్కువ ఉంటే రెండు జట్లు చెయ్యాలి. నిడివి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. టీచర్ ఒక గంట మోగిస్తూ గుమ్మం దాకా నడిచి బయటికి వెళ్తుంది. చప్పుడు దూరమవుతుంది. పిల్లల చేతుల్లోకి గుప్పెడు ఎండుగడ్డి వస్తుంది. దూడ వాసన చూస్తుంది కానీ తినదు. ఎందుకు తినదు? ఇక్కడ ఒక్కొక్కరి ఒళ్ళో ఇసుక నింపి కుట్టిన చిన్న గుడ్డసంచి పెట్టాలి, అరకిలోకి మించకుండా. "దూడకి ఇలా బరువుగా ఉంది. నీకెప్పుడైనా ఇలా ఉందా? ఎక్కడ?" అని అడగాలి. మూడేళ్ళ పిల్లలు కారణాలు చెప్పలేరు గానీ చోటు చూపించగలరు. ఒకరు పొట్ట మీద, ఒకరు గొంతు మీద చెయ్యి పెడతారు. టీచర్ అప్పుడే మాట అందిస్తుంది: "దాన్ని బెంగ అంటారు." సాయంత్రం గంట చప్పుడు దగ్గరవుతుంది. సంచులు తీసేస్తారు. ఒళ్ళో బరువు దిగినప్పుడు తేలికపడ్డమేమిటో ఒంటికే తెలుస్తుంది.

అసలు చిక్కు ఈ ముగింపులోనే ఉంది. కథలో అమ్మ సాయంత్రానికి వచ్చేసింది. కడపలోనో గోదావరి జిల్లాల్లోనో ఆ గుంపులో కూర్చున్న ఒక పిల్ల తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్ళి ఉండవచ్చు. పాలమూరులో తల్లీతండ్రీ వలసపోతే అమ్మమ్మ దగ్గర మిగిలినవాడు ఉండవచ్చు. తల్లి చనిపోయిన పిల్ల ఉండవచ్చు. అందరి సంచులూ దిగుతాయి, వాళ్ళది దిగదు. కాబట్టి ఎవరెవరు కూర్చుంటున్నారో తెలుసుకోకుండా కథ ఎంచుకోకూడదు. దొడ్లో ఒక ముసలి మేకని పెడితే చాలా మారుతుంది. అది దూడ పక్కన వచ్చి పడుకుంటుంది, మాట్లాడదు. అమ్మ వస్తుందని మాట ఇవ్వదు. బరువు సగం తగ్గుతుంది. ఆవు వచ్చే ఘట్టం లేకుండానే కథ ఆపవచ్చు.

పేరు పెడితే భావం తీవ్రత తగ్గుతుందా? 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం ప్రచురించిన మెదడు స్కానింగ్ అధ్యయనంలో, ఫొటోల్లోని మొహాల మీది భావానికి పేరు చెప్పినప్పుడు భయానికి స్పందించే అమిగ్డలా చురుకు తగ్గింది. అది పెద్దల మీద జరిగింది. దాన్ని మూడేళ్ళ పిల్లలకి యథాతథంగా అంటగట్టడం తగదు. పిల్లల విషయంలో ఇంత మాత్రం చెప్పవచ్చు: మాట ఉన్న పిల్ల అడగగలదు, మాట లేని పిల్ల కొరుకుతుంది, గిల్లుతుంది.

సామగ్రి గురించి కొన్ని సంగతులు. రంగు వేసిన బియ్యంతో ఆడించడం వీడియోల్లో ముచ్చటగా ఉంటుంది. అన్నం కోసమే పిల్లలు వచ్చే చోట అది నాకు మింగుడుపడదు, ఇసుక ఉంది కదా. చింతగింజలు, పూసలు ముక్కులోకి, గొంతులోకి పోతాయి కాబట్టి ఈ వయసు వాళ్ళకి వద్దు. గడ్డి ముట్టుకోనన్న పిల్ల చెయ్యి పట్టి ముట్టించకూడదు. కొందరికి ఆ గరుకుదనం నిజంగానే భరించరానిది. వాళ్ళు దూరం నుంచి చూసినా పాల్గొన్నట్టే. ఒకే కథని వారమంతా చెప్పాలి. మొదటిరోజు బిక్కమొహం వేసుకున్నవాడు గురువారానికి గంట తానే మోగిస్తానంటాడు. చివర్లో "కాబట్టి పిల్లలూ, మనం ఏడవకూడదు" అనే అలవాటు మనకి బాగా ఉంది. అది అన్నామా, వారం పని వృథా.

ఇంకొకటి. భావాల గురించి అడిగితే జవాబులు వస్తాయి. "రాత్రి నాన్న అమ్మని కొట్టాడు" అని ఒక పిల్ల అందరిముందూ అనవచ్చు. "అలా చెప్పకూడదు" అంటే ఆ నోరు మళ్ళీ తెరుచుకోదు. "నాకు చెప్పావు, మంచిపని చేశావు" అని, తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని వినాలి. పిల్లకే ప్రమాదం ఉందనిపిస్తే 1098 ఉంది. ఈ భాగం మీద శిక్షణ లేకుండా టీచర్ల చేతికి కథల కార్డులు ఒక్కటే ఇవ్వడం వాళ్ళకీ అన్యాయమే.

ఖర్చు లెక్క వేస్తే ఒక గంట, కాసిని గడ్డి, పాత నూలు చీరతో కుట్టిన పన్నెండు ఇసుక సంచులు. చీరలు పిల్లల ఇళ్ళ నుంచే అడిగి తెచ్చుకోవచ్చు. ఇచ్చేముందు ఉతకొద్దని మాత్రం చెప్పాలి.