రాయని రికార్డులు

నూరు మీటర్ల దూరం. దారిలో 10 అడ్డుకర్రలు. ఒక్కొక్కటి సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తు. అంటే ఇంచుమించు మన నడుము దాకా వస్తుంది. వాటిని దాటుకుంటూ పరిగెత్తాలి. ఈ పందేన్ని హర్డిల్స్ అంటారు.

ఈ పందేన్ని 13 సెకన్ల లోపు ముగించిన మొదటి భారత మహిళ తెలుగు అమ్మాయే. పేరు యర్రాజి జ్యోతి. 1999లో విశాఖపట్నంలో పుట్టింది. నాన్న సూర్యనారాయణ కాపలా పని చేసేవాడు. అమ్మ కుమారి ఇళ్లల్లో పని చేసేది. ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని కూడా చేసేది. నరసరావుపేటలోనో మాచర్లలోనో తెల్లారకముందే లేచి, నాలుగిళ్లలో అంట్లు తోమే తల్లులకు ఆ బతుకు గురించి వేరే చెప్పనక్కర లేదు.

జ్యోతి పొడుగు పిల్ల. బడిలో ఆటల మాస్టారు అది గమనించారు. హర్డిల్స్‌కు పనికొస్తుందన్నారు. తరువాత హైదరాబాదులో, గుంటూరులో, ఆ పైన ఒడిషాలోని భువనేశ్వర్‌లో నేర్చుకుంది.

చూసేవాళ్లకు ఇది దూకుడు ఆటలా కనిపిస్తుంది. కానీ ఎంత ఎత్తు ఎగిరితే అంత ఆలస్యం. కర్రకూ కర్రకూ మధ్య దూరం ఎనిమిదిన్నర మీటర్లు. ఆ దూరంలో మూడే అడుగులు వేయాలి. నాలుగో అడుగు కర్ర మీదుగా పోవాలి. కాలు తగిలి కర్ర పడిపోయినా పందెం పోదు. కానీ వేగం పోతుంది. సెకనును నూరు భాగాలు చేసి లెక్కపెట్టే ఆట ఇది. రెప్పపాటు తేడాతో పతకం చేజారుతుంది.

మన దేశంలో ఆడవాళ్ల రికార్డు చాలాకాలం ఒడిషాకు చెందిన అనురాధా బిస్వాల్ పేరిట ఉండేది. 2002లో ఆమె 13.38 సెకన్లలో పరిగెత్తింది. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో విశ్వవిద్యాలయాల పోటీలు జరిగాయి. జ్యోతి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున పోయింది. మన పల్నాడు కాలేజీలు కూడా ఆ విశ్వవిద్యాలయం కిందివే. అక్కడ 13.03 సెకన్లలో పరిగెత్తింది.

కానీ రికార్డు రాయలేదు. ఎందుకని? రికార్డు కొట్టిన వాళ్లకు మత్తుమందులు, బలం మందులు వాడారో లేదో పరీక్ష చేయాలి. ఆ రోజు జ్యోతికి ఆ పరీక్ష చేయలేదు. అందులో ఆమె తప్పేముంది? రోజంతా పత్తి తీసి, కాటా వేశాక చీటీలో రాయకపోతే ఎలా ఉంటుందో అలా అయ్యింది.

2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో మళ్లీ పరిగెత్తింది. 13.09 సెకన్లు. ఈసారి గాలి అడ్డం వచ్చింది. తూర్పారబట్టే వాళ్లకు గాలి బలం తెలుసు. వెనక నుంచి వీచే గాలి మనిషిని ముందుకు తోస్తుంది. అందుకని పందెంలో గాలిని కూడా కొలుస్తారు. సెకనుకు 2 మీటర్లు మించితే రికార్డు ఒప్పుకోరు. ఆ రోజు గాలి 2.1 ఉంది.

తరువాతి నెలలో, మే 10న, సైప్రస్ దేశంలోని లిమసోల్‌లో 13.23 సెకన్లలో పరిగెత్తింది. ముందు రెండుసార్లకంటే ఇది నెమ్మదే. అయినా పుస్తకంలోకి ఎక్కింది ఇదే! 20 ఏళ్ల రికార్డు పోయింది. ఆ అక్టోబరులో బెంగుళూరులో 12.82కు వచ్చింది. 2023లో చైనాలోని చెంగ్డూలో 12.78.

ఆ ఏడే చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో తుపాకి మోగకముందే పక్కనున్న చైనా అమ్మాయి కదిలింది. అది చూసి జ్యోతి కూడా కదిలింది. అధికారులు ఇద్దర్నీ పందెం నుంచి తప్పుకోమన్నారు. జ్యోతి తప్పుకోలేదు. ముందు కదిలింది తాను కాదంది. వీడియో చూడమంది. పరాయి దేశం, నిండా జనం, ఆమె నిలబడి వాదించింది. చివరికి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. జ్యోతి మూడోదిగా వచ్చింది. తరువాత, ముందు కదిలిన అమ్మాయిని లెక్కలోంచి తీసేశారు. జ్యోతికి వెండి పతకం ఇచ్చారు. నోరు విప్పకపోతే ఆ పతకం లేదు.

2024లో పారిస్ ఒలింపిక్స్‌కు పోయింది. ఈ పందెంలో మన దేశం నుంచి ఒలింపిక్స్‌కు పోయిన మొదటి మహిళ ఆమే. అక్కడ మొదటి పరుగులో ఏడో స్థానం వచ్చింది. ఇంకో అవకాశం ఇచ్చారు. అందులోనూ ముందుకు పోలేకపోయింది.

2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా పోటీలు జరిగాయి. వాన పడింది. చూసే జనం లేరు. కుర్చీలన్నీ ఖాళీ. తడి దారి మీద 12.96 సెకన్లలో పరిగెత్తి బంగారు పతకం గెలిచింది. పతకం మెడలో వేశాక, మన జాతీయ గీతం వినిపిస్తుంటే ఏడ్చింది. ఆ తరువాత మోకాలికి దెబ్బ తగిలింది. ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలకు పోలేకపోయింది.