పిల్ల ఒక్కతే, రిజిస్టర్లు నాలుగు

ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ మధ్య ఉన్న ఉంగుటూరు మండలంలో ఒక పసిపిల్ల పేరు, అఆలు పూర్తిగా రాకముందే ఎన్ని చోట్లకు ఎక్కుతుందో చూడండి. టీకాల కోసం ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం దగ్గర, గుడ్లూ పాలూ బాలామృతం కోసం అంగన్వాడీలో, ఒకటో తరగతికి మండల పరిషత్ బడి హాజరుపట్టీలో, తల్లి ఖాతాలో పథకం డబ్బు పడటానికి గ్రామ సచివాలయం కంప్యూటర్లో. వీటి వెనక వైద్య ఆరోగ్య శాఖ, స్త్రీ శిశు సంక్షేమ శాఖ, పాఠశాల విద్యాశాఖ, సచివాలయాల వ్యవస్థ వేర్వేరుగా ఉన్నాయి. ఎవరి లెక్క వారికి సరిపోతుంది. పిల్ల నెల రోజులుగా బడికి రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోవాల్సింది ఎవరని అడిగితే మాత్రం నాలుగు వేళ్లు నాలుగు వైపులు చూపిస్తాయి. విద్యనూ సంక్షేమాన్నీ ఒక్కటి చేయాలన్న ఆలోచన పుట్టింది ఈ ఖాళీలోంచే. అయితే కలపాల్సింది భవనాలనూ కుర్చీలనూ కాదు, బిడ్డ విషయంలో జవాబు చెప్పే బాధ్యతను. గత కొన్నేళ్ల ఆంధ్రప్రదేశ్ అనుభవమే ఇందుకు సాక్ష్యం.

నిజానికి ఈ కలయిక మనకు కొత్త కాదు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్, అంటే అంగన్వాడీ పథకం, పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, బడికి ముందు చదువు వంటి ఆరు సేవలను ఒకే గడప దగ్గర ఇవ్వాలని పుట్టింది. 73వ రాజ్యాంగ సవరణ 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పేర్కొంటే, వాటిలో ప్రాథమిక, మాధ్యమిక విద్య ఉంది, స్త్రీ శిశు అభివృద్ధి ఉంది, సాంఘిక సంక్షేమం ఉంది. ఆచరణలో జరిగింది వేరు. ఊరి బడి బోర్డు మీద మండల పరిషత్ పేరు, హైస్కూలు బోర్డు మీద జిల్లా పరిషత్ పేరు నేటికీ ఉన్నా టీచర్ల బదిలీలు, సిలబస్ అన్నీ విద్యాశాఖ చేతిలోనివే. అంగన్వాడీ నిర్వహణలోనూ సర్పంచి మాట చెల్లేది తక్కువ. అన్నీ ఉన్న ఊళ్లోనే వాటిని కలిపి చూసే అధికారం ఎవరికీ లేకపోయింది.

ఆ లోటు తీర్చే ప్రయత్నం 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలతో జరిగింది. సుమారు రెండు వేల జనాభాకు ఒకటి చొప్పున వచ్చిన ఈ కార్యాలయాల్లో ‘వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్’ అనే ఉద్యోగాన్ని సృష్టించారు. బడినీ సంక్షేమాన్నీ ఒకే మనిషి చేతిలో పెట్టడం మంచి ఆలోచనే. కానీ రెండు పనులు ఒకరికి అప్పగించినప్పుడు గడువు ఉన్న పని గడువు లేని పనిని మింగేస్తుంది. పింఛను 1వ తేదీన చేతికి అందాలి, అర్హుల జాబితా ఫలానా రోజుకు పోర్టల్‌లోకి ఎక్కాలి. బడి మానేసిన పిల్ల ఇంటికి వెళ్లడానికి మాత్రం ఏ తేదీ లేదు, వెళ్లకపోతే అడిగేవారూ లేరు. బడికి పంపే తల్లుల ఖాతాలో డబ్బు వేసే అమ్మ ఒడి పథకానికి 75 శాతం హాజరు నిబంధన పెట్టినప్పుడు బడికీ సంక్షేమానికీ ముడి పడిన మాట నిజమే. అయితే హాజరు తగ్గిన కుటుంబానికి డబ్బు ఆగుతుందన్న సమాచారం ముందు అందింది, హాజరు ఎందుకు తగ్గిందన్న ప్రశ్న వెనకబడింది.

రెండో ప్రయత్నం భవనాలను కలపడం. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూడాలన్న 2020 జాతీయ విద్యా విధానాన్ని చూపి, రాష్ట్ర ప్రభుత్వం అంగన్వాడీలను 1, 2 తరగతులతో జోడించి ఫౌండేషన్ స్కూళ్లు అంది. 2022 నాటి 117వ జీవో కింద 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపలి హైస్కూళ్లకు తరలించింది. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది అందులోని మంచి. చిన్నపిల్లలు పెద్ద రోడ్లు దాటాలంటూ ఊరూరా తల్లిదండ్రులు అడ్డుపడ్డారు. 2025లో ఆ జీవో రద్దయింది. సేవ నాణ్యత పెరిగినా గడపకు దూరమైతే పేద ఇల్లు దాన్ని అందుకోలేదని ఈ మూడేళ్లు చెప్పాయి.

ఆఫీసులు కలిపితే చాలదని ఇంగ్లండు ఇంకా కఠినంగా నేర్చుకుంది. 2000లో లండన్‌లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పిల్ల సంరక్షకుల హింసకు బలైంది. ఆమెను కాపాడే అవకాశాలు కనీసం 12 చేజారాయని 2003లో లార్డ్ లేమింగ్ విచారణ తేల్చింది. ఆ తర్వాత వచ్చిన 2004 చట్టం స్థానిక కౌన్సిళ్లలో చదువునూ పిల్లల సంరక్షణనూ ఒకే డైరెక్టరు కిందికి తెచ్చింది. అయినా 2007లో, విక్టోరియా నివసించిన హారింగే ప్రాంతంలోనే, అధికారులూ వైద్యులూ పలుమార్లు చూసిన 17 నెలల పసివాడు అలాగే చనిపోయాడు. అంటే పై కుర్చీ ఒకటైనంత మాత్రాన గుమ్మం దగ్గర నిలబడే మనిషి చూపు మారదు.

కుటుంబాలు తరచూ ఊళ్లు మారే మన కొల్లేరు సరస్సు సీమకు ఈ సంగతి మరీ ముఖ్యం. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యమైన సరస్సులో 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశాక ఎన్నో కుటుంబాలు పని వెతుక్కుంటూ కదిలాయి. చెరువు గట్టు మీద కాపలా ఉండే కుటుంబం చేపల పట్టుబడి అయ్యాక ఇంకో చెరువుకు మారుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద దిగువకు వచ్చి లంక గ్రామాల దారులు మునిగాయి. పైగా 2022 ఏప్రిల్ 4 నుంచి ఉంగుటూరు ఏలూరు జిల్లాలో ఉంటే, తాడేపల్లిగూడెం, ఆకివీడు పశ్చిమగోదావరిలో ఉన్నాయి. పొట్ట చేతబట్టుకుని నాలుగు మైళ్లు జరిగిన కుటుంబం జిల్లానే దాటిపోవచ్చు. పాత ఊళ్లో పేరు కొట్టేయడం తేలిక. కొత్త ఊళ్లో ఎక్కిందా అని కబురు పెట్టడం ఎవరి పనీ కాదు.

అందుకని కావాల్సింది పంచాయతీ స్థాయిలో ఒకే జాబితా, నెలకొక ఉమ్మడి సమావేశం, సాయం అవసరమైన ప్రతి బిడ్డకూ ఫలానా అని పేరు చెప్పగల ఒక బాధ్యుడు. ఇది ఉద్యోగులకు మరో భారం అన్న అభ్యంతరం సబబే. ఇప్పటికే టీచర్లు యాప్‌లతో విసిగి ఉన్నారు. కాబట్టి కొత్త జాబితా వచ్చే రోజునే ఒకే వివరాన్ని మళ్లీ మళ్లీ నింపించే పాతవి పోవాలి. అంగన్వాడీ కార్యకర్తల భయమూ కొట్టిపారేయలేనిది. నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనంతో పనిచేస్తూ 2023 డిసెంబరులో సమ్మెకు దిగి 42 రోజులు నిలబడిన వాళ్లను బడిలో ఆయాలుగా మార్చే విలీనం నిలవదు. ఇంటింటి సంగతి తెలిసినవాళ్లు వాళ్లే గనుక సమావేశంలో హెడ్‌మాస్టరుతో సమానమైన కుర్చీ ఇవ్వాలి. ఇంటి గుట్టు అందరి నోళ్లలో పడుతుందన్న అనుమానానికి జవాబు ఒకటే: హాజరు అందరూ చూడవచ్చు గానీ హింస, జబ్బు వంటి వివరాలు బాధ్యుడికే పరిమితం కావాలి.

దీనికి కొత్త శాఖ అక్కర్లేదు. బడులను చూసే ఎంఈవో, అంగన్వాడీలను చూసే సీడీపీవో నెలకొకసారి కలిసి కూర్చోవాలని, కదిలిపోయిన బిడ్డ కొత్త ఊళ్లో చేరినట్టు కబురు అందేదాకా పాత ఊళ్లో పేరు కొట్టేయకూడదని ఒక ఉత్తర్వు చాలు. పింఛనుకు ఒకటో తేదీ ఉన్నట్టే బడి మానిన పిల్ల ఇంటికి వెళ్లడానికీ ఒక తేదీ ఉండాలి. ఆ తేదీ తప్పితే ఎవరిని అడగాలో గ్రామసభకు తెలిసి ఉండాలి.