మూతపడిన కర్మాగారం, దాచిన కాటర్ పిన్ను

ఉక్కు గొట్టాలతో అతికిన పాత సైకిలు చట్రం, తుప్పు పట్టకుండా చూసుకుంటే రెండు మూడు తరాల పాటు చెక్కుచెదరకుండా నిలుస్తుంది గాని, ఆ చట్రాన్ని నడిపించే చిన్న భాగాలకు అంత ఆయుష్షు లేదు. ఇరుసు మీది బేరింగు కోనులకు గుంటలు పడతాయి, గొలుసు సాగుతుంది, బ్రేకు రబ్బర్లు బిరుసెక్కి పట్టు తప్పుతాయి. తయారీ సాగుతున్నంత కాలం ఇవన్నీ ఏ వీధి చివరి దుకాణంలోనైనా దొరికే మామూలు సరుకులే అయినా, తయారు చేసే సంస్థ మూతపడిన నాటి నుంచి, లేదా అది కొలతలు మార్చిన నాటి నుంచి, ఆ సైకిలు రోడ్డెక్కడం ఎవరో ఎక్కడో దాచి ఉంచిన విడిభాగం మీద ఆధారపడుతుంది. ఐరోపా, అమెరికా, జపాన్ దేశాలలో పాత సైకిళ్ళను నడుపుకొనేవారు ఎప్పటికైనా పనికివస్తాయని విడిభాగాలను డబ్బాలకొద్దీ కూడబెట్టడానికి మూలం ఇదే. ఈ అలవాటులో వివేకం ఎంత, వట్టి వ్యామోహం ఎంత అన్నది తేలాలంటే ఒక కర్మాగారం చరిత్రను, దానితో పాటు కొన్ని మరల కొలతలను దగ్గరగా చూడవలసి ఉంటుంది.

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరంలో ఫ్రాంక్ బౌడెన్ పెంచి పెద్ద చేసిన రాలీ సంస్థ, ఇరవయ్యో శతాబ్దపు నడిమి కాలానికి ప్రపంచంలోని అతి పెద్ద సైకిలు తయారీదారుల్లో ఒకటిగా నిలిచింది. వెనుక చక్రం హబ్బులోనే మూడు గేర్లను ఇమిడ్చిన యంత్రాన్ని తయారు చేయడానికి 1902లో మొదలైన స్టర్మీ-ఆర్చర్ సంస్థ ఆ రాలీకే అనుబంధం. దాదాపు వందేళ్ళ తరువాత, 2000లో, నాటింగ్‌హామ్‌లోని స్టర్మీ-ఆర్చర్ కర్మాగారం మూతపడగా, దాని పేరును, యంత్రాలను తైవానుకు చెందిన సన్‌రేస్ సంస్థ కొనుగోలు చేసింది. మరి రెండేళ్ళకు, 2002లో, రాలీ కూడా ఆ నగరంలో సైకిళ్ళ తయారీని ఆపివేసింది. తైవానులో మూడు గేర్ల హబ్బులు ఈనాటికీ తయారవుతున్నాయి, వాటికి బిగించే మూడు గాడుల పళ్ళ చక్రం పాత హబ్బుల్లో చాలావాటికి చక్కగా సరిపోతుంది కూడా. అయితే లోపలి అమరిక మారిపోవడం వల్ల, 1950లలో తయారైన హబ్బు గర్భంలోని భాగాలన్నింటికీ కొత్త హబ్బులో సరైన జోడు దొరకదు.

కొలతల సంగతి ఇంతకన్న చిక్కైనది. నట్టును బోల్టుపై నిలిపే మెలికల గాడిని మర అంటారు. పెడళ్ళను మోసే క్రాంకుల ఇరుసు తిరిగే గొట్టానికి బ్రిటిష్ తయారీదారులు చాలామంది అంగుళానికి 24 మెలికల మర వేస్తే, రాలీ తన సొంత కర్మాగారంలో 26 మెలికల మర వేసింది. ఆ గొట్టానికి బిగించే, చూడడానికి ఒకే రకంగా ఉండే రెండు బేరింగు కప్పుల్లో ఒకటి రాలీకి పడుతుంది, రెండోది రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది, బలవంతం చేస్తే చట్రంలోని మరనే చెరిపేస్తుంది. ఫ్రెంచి తయారీదారులు పెడలు ఇరుసును 14 మిల్లీమీటర్ల వ్యాసంతో చేయగా, బ్రిటిష్ కొలత అంగుళంలో పదహారింట తొమ్మిదో వంతు, అంటే సుమారు 14.29 మిల్లీమీటర్లు. కంటికి ఆనని ఈ తేడా వల్ల ఫ్రెంచి పెడలు బ్రిటిష్ క్రాంకులో వదులుగా దిగి, తొక్కేకొద్దీ క్రాంకు రంధ్రాన్ని కొరికి పాడు చేస్తుంది. పేరు, కొలత తెలియని విడిభాగాన్ని దాచడం ఎందుకు వృథానో ఈ రెండు ఉదాహరణలే చెబుతాయి.

ఏది దాచదగినదో తెలియడానికి స్టర్మీ-ఆర్చర్ వారి ఏడబ్ల్యూ నమూనా హబ్బును విప్పి చూస్తే చాలు. ఇరుసుకు కదలకుండా అమర్చిన 20 పళ్ళ చక్రం, దాని చుట్టూ తిరిగే 20 పళ్ళ చిన్న చక్రాలు నాలుగు, వీటిని చుట్టి ఉండే 60 పళ్ళ వలయం అందులో కనిపిస్తాయి. ఈ లెక్క ప్రకారమే పై గేరులో వెనుక చక్రం మామూలు కన్న మూడో వంతు ఎక్కువగా, కింది గేరులో పావు వంతు తక్కువగా తిరుగుతుంది. పలుచని నూనె చుక్కలు అప్పుడప్పుడు పడుతూ ఉంటే ఈ పళ్ళ చక్రాలు యజమాని కన్న ఎక్కువ కాలం బతుకుతాయి. అరిగేవి, విరిగేవి వేరే ఉన్నాయి. చక్రాన్ని ఒక దిక్కున మాత్రమే పట్టి తిప్పే పాల్ అనే ఉక్కు కొక్కేలు, వాటిని పైకి లేపి ఉంచే వెంట్రుకంత సన్నని స్ప్రింగులు, ఇరుసు కొన నుంచి బయటికి వచ్చి గేరు తీగకు తగులుకొనే చిన్న సూచిక గొలుసు మొదట పాడయ్యేవి. ఈ గొలుసు పొడవు ఇరుసు పొడవును బట్టి మారుతుంది కాబట్టి, ఏ ఇరుసుకు ఏది అన్నది రాసిపెట్టుకోకపోతే డబ్బాలో పది గొలుసులున్నా సమయానికి ఒక్కటీ పనికిరాకపోవచ్చు. హబ్బు పైతొడుగు మీద తయారైన సంవత్సరం, నెల అంకెలుగా ముద్రించి ఉండడం ఆ పాత తయారీదారులు చేసిన గొప్ప మేలు, ఎందుకంటే ఏ భాగం ఏ కాలానిదో పోల్చుకోవడానికి అంతకన్న నమ్మకమైన గుర్తు లేదు.

కాటర్ పిన్ను విషయం ఇంకా ముఖ్యమైనది. క్రాంకును ఇరుసుకు బిగించి ఉంచే ఈ పిన్నుకు ఒక పక్క ఏటవాలు చదును ఉంటుంది, ఆ చదును ఇరుసు మీది గాడిలో సుత్తి దెబ్బతో కరుచుకున్నప్పుడే క్రాంకు నిలుస్తుంది, చివరనున్న నట్టు పిన్ను జారకుండా కాపాడేదే తప్ప బిగింపు దానిది కాదు. బ్రిటిష్ సైకిళ్ళకు సాధారణంగా 9.5 మిల్లీమీటర్ల పిన్ను, ఫ్రెంచి సైకిళ్ళకు 9 మిల్లీమీటర్ల పిన్ను వాడేవారు. మెత్తని ఉక్కుతో చేసిన చవక పిన్ను కొద్ది రోజుల్లోనే నలిగిపోయి, ప్రతి తొక్కుకూ పెడలు దగ్గర టక్కుమనే చప్పుడు మొదలవుతుంది. అందువల్ల గట్టి ఉక్కు పిన్నులు దొరికినప్పుడు జతలుగా కొని ఉంచుకోవడం అనవసరపు పొదుపు కాదు. ఇందుకు భిన్నంగా బాల్ బేరింగు గోళీలు పావు అంగుళం వంటి సర్వసామాన్య కొలతల్లో ఏ బేరింగుల దుకాణంలోనైనా దొరుకుతాయి గనుక వాటిని పోగుచేయడంలో అర్థం లేదు. మెరుపు పోని హ్యాండిళ్ళు, గంటలు, బ్రాండు బిళ్ళలు చూడముచ్చటగా ఉంటాయి గాని, సైకిలు ఆగిపోయేది వాటి కోసం కాదు.

దాచడం కూడా ఒక విద్యే. రబ్బరును గాలిలోని ఓజోను పగుళ్ళు పట్టిస్తుంది, సాగదీసి ఉంచిన రబ్బరును మరీ త్వరగా దెబ్బతీస్తుంది. మేకుకు వేలాడదీసిన టైరు వంగిన చోటే ముందుగా చీలుతుంది, విద్యుత్ మోటారు పక్కన ఉంచితే ఓజోను ఎక్కువై ఇంకా తొందరగా పాడవుతుంది. చీకటిగా, చల్లగా, పొడిగా ఉన్న చోట ఉంచినా టైర్లకు, బ్రేకు రబ్బర్లకు వయసు రాక తప్పదు కాబట్టి వాటిని దశాబ్దాల తరబడి నిల్వ చేయాలనుకోవడం భ్రమ. ఉక్కు భాగాల సంగతి వేరు, పలుచగా నూనె పూసి తేమ తగలకుండా ఉంచితే అవి యాభై ఏళ్ళ తరువాతా కొత్తవే. పాత వార్తాపత్రికలో చుట్టి పెడితే కాగితం పీల్చుకున్న తేమే తుప్పుకు దారి చేస్తుంది. ఏనాడో పూసిన గ్రీజు గట్టిపడి ఉంటుంది గనుక, ఎంత కొత్తగా కనిపించే భాగాన్నైనా కడిగి తాజా గ్రీజు పెట్టిన తరువాతే బిగించాలి.

ఇటీవలి దశాబ్దాల్లో ఈ సరుకుకు గిరాకీ బాగా పెరిగింది. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో 1997లో మొదలైన లెరోయికా యాత్ర 1987కు ముందునాటి నమూనా రేసు సైకిళ్ళకే ప్రవేశం కల్పించడం ఇందుకు ఒక కారణం. ధర పెరిగే కొద్దీ చక్కగా నడిచే సైకిళ్ళను కూడా అమ్మకానికి విప్పి ముక్కలు చేసే వ్యాపారం బయలుదేరింది. ఒక సైకిలును బతికించడానికి పుట్టిన అలవాటు మరో సైకిలును చంపడానికి కారణం కావడం బాధాకరం. చట్రం విరిగిన సైకిలు నుంచి భాగాలు తీసుకోవడం వేరు, నడిచేదాన్ని విప్పడం వేరు. అంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉంది. జీవితమంతా కూడబెట్టినవాడు కన్నుమూస్తే, చీటీ లేని డబ్బాలు వారసులకు ఇనుప ముక్కలుగానే కనిపించి తుక్కుకు వెళ్ళిపోతాయి. కొలత, మర, సరిపోయే సైకిలు పేరు రాసిన చీటీ ప్రతి భాగానికీ కట్టి ఉంచనివాడు చేసింది నిల్వ అనిపించుకోదు.

పాత సైకిలు భాగాల విషయంలో భారతదేశానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. ఆసన్‌సోల్‌లో సెన్-రాలీ, మద్రాసు శివారు అంబత్తూరులో టీఐ సైకిల్స్ బ్రిటిష్ సంస్థల భాగస్వామ్యంతో మొదలు కావడం వల్ల కడ్డీ బ్రేకులు, కాటర్ క్రాంకులు, ముందు 32, వెనుక 40 స్పోకుల చక్రాలు, 28 అంగుళాల టైర్లు ఇక్కడ స్థిరపడిపోయాయి. ఇంగ్లండులో అవి పాతబడిన తరువాత కూడా లూధియానా వంటి చోట్ల వాటి తయారీ సాగింది. కానీ ఈ అదృష్టం శాశ్వతమని అనుకోవడానికి లేదు. 1951లో ప్రారంభమైన అట్లాస్ సంస్థ సాహిబాబాద్‌లోని తన చివరి కర్మాగారాన్ని 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, మూసివేసింది. తెలుగు నాట పల్లెల్లో, పట్టణాల్లో పాత సైకిలు రిపేరు దుకాణాలు ఇంకా ఉన్నాయి, వాటి రేకు డబ్బాల్లో ఏ కోను ఏ హబ్బుకు పడుతుందో చేతి స్పర్శతోనే చెప్పగల మేస్త్రీలూ ఉన్నారు. తాతల నాటి సైకిలు ఇంట్లో ఉన్నవారు దానిని పాత ఇనుముకు వేయకముందే ఒకసారి అటువంటి మేస్త్రీకి చూపించి, కాటర్ పిన్నులు, కోనులు, హబ్బు కప్పులు ఒక్కొక్క జత అదనంగా కొని, వాటి కొలతలు ఆయన చేతనే చెప్పించుకొని రాసి ఉంచుకోవాలి.